సొరంగం గోడకు వేసిన సున్నం

ఆ సున్నం చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది.

సొరంగం మూతికి కాస్త లోపల, ఎడమ గోడ మీద, తలుపంత మేర ఎవరో తెల్లగా సున్నం కొట్టారు. మధ్యలో నీలిమందుతో సిలువ దిద్దారు. కింద నడకదారి గట్టు మీద వాడిపోయిన బంతిపూలు, వాటి పక్కన రెండు కొవ్వొత్తులు. అవి వెలిగించినవి కావు. వత్తులు కూడా నల్లబడలేదు.

"ఎవడు చేశాడయ్యా ఈ ఘనకార్యం?" అని తెలుగులోనే అరిచేశాను. కోపం వస్తే నాకు హిందీ రాదు. పుట్టింది జంషెడ్‌పూర్‌లో, బారిడీహ్‌లో. చదివింది హిందీ బడిలో. ఇన్నేళ్లుగా పని చేస్తున్నది హిందీ మాట్లాడే మనుషులతో. అయినా తిట్టాల్సి వచ్చేసరికి మా అమ్మ శ్రీకాకుళం నుంచి మూట కట్టుకొచ్చిన భాషే నోట్లోకి వస్తుంది.

కాలిన కాంక్రీటును చూసి, అది ఇంకా బరువు మోయగలదా లేదా అని చెప్పడం నా ఉద్యోగం. పైకి గొప్పగా వినిపిస్తుంది గానీ, చేసేది ముఖ్యంగా మూడే పనులు. సుత్తితో తట్టి వినడం, రంగు చూడడం, అనుమానం వచ్చిన చోట డ్రిల్లుతో గుండ్రటి ముక్క తీసి లోపల ఎంత లోతు వరకు చెడిందో చూడడం. మా ప్రాంతపు కంకరలో ఇనుము కలిసి ఉంటుంది. వేడి మూడు వందల డిగ్రీలు దాటితే కాంక్రీటు లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. అలా తిరిగినంత మేర దాన్ని ఇక నమ్మకూడదు. ఇంకా కాలితే తెల్లబారి, గోటితో గీకినా రాలుతుంది. అందుకే మేం వచ్చేదాకా కాలిన గోడను ముట్టుకోవద్దని నెత్తీ నోరూ కొట్టుకుంటాం. మసి ఎంత ఎత్తున పట్టింది, ఏది కరిగింది, ఏది కరగలేదు, అన్నీ మాకు సాక్ష్యాలే.

మరి ఇక్కడ జరిగిందేమిటి? గుత్తేదారు మనుషులు నేను రాకముందే పైపులు పెట్టి సొరంగమంతా కడిగి పారేశారు. శుభ్రంగా ఉంటే మేడమ్‌కు పని తేలికవుతుందట! మసి అంతా మురుగులో కలిసిపోయింది. కడగకుండా మిగిలింది ఆ ఒక్క తలుపంత చోటు. దాని మీదేమో ఈ సున్నం. ఇక నేను చూడాల్సిందేముంది, నా మొహం!

నా అరుపులకు సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. బిహారీ పెద్దమనిషి, నెమ్మదస్తుడు. "మేడమ్, ఉస్ జగహ్ కో ఛోడ్ దీజియే," అన్నాడు గొంతు తగ్గించి. ఆ చోటును వదిలేయమని. లారీ డ్రైవరు ప్రాణం పోయింది అక్కడేననీ, ఆయన భార్య వచ్చి సున్నం వేసుకుంటుంటే కాదనలేకపోయామనీ, కడిగేటప్పుడు కూడా తన మనుషులు అటు నీళ్లు కొట్టలేదనీ చెప్పాడు. తర్వాత నా మొహంలోకి చూసి, "ఆప్ హీ లోగోఁ కీ హై, తెలుగూ," అన్నాడు. మీ వాళ్ల మనిషే, తెలుగామే అని.

నా కోపం అక్కడే ఆగిపోయింది. ఆమె ఎవరో నాకు తెలుసు.

మా తెలుగు చర్చిలో నాకు రెండు వరసల ముందు కూర్చుంటుంది. నన్ను అక్కా అంటుంది. ఆమె భర్త టెల్కో కాలనీ వైపు ఒక లారీ యజమాని దగ్గర డ్రైవరు. దసరా వెళ్లిన కొన్నాళ్లకు, రంగుల్లో కలిపే థిన్నరు డ్రమ్ములు వేసుకుని వెళ్తుండగా, ఊరి అంచున రైలు కట్ట కింద ఉన్న ఈ సొరంగంలోనే బండి ఇంజను దగ్గర మంట లేచింది. అతను దిగాడు. వెనక వస్తున్న షిఫ్టు బస్సుకు ఎదురు పరుగెత్తి, చేతులు ఊపి ఆపాడు. బస్సు వెనక్కి వెళ్లిపోయింది. బస్సులో వాళ్లంతా బతికారు. అతను మాత్రం మూతి దాకా రాలేకపోయాడు.

శవాన్ని పెట్టెలో మూసే తెచ్చారు. పోస్టుమార్టం అయిన మొహం, పైగా మసి, ఆడమనిషి తట్టుకోలేదని సంఘం పెద్దలు వాళ్లలో వాళ్లే అనుకుని మేకులు కొట్టించేశారు. ఆమె పెట్టె మీద పడి, ఒక్కసారి చూపించండని ఎంత ఏడ్చినా మూత తీయలేదు. నేను అక్కడే ఉన్నాను. అందరికీ ఎదురు చెప్పే నేను ఆ రోజు ఎందుకో పెద్దలకు చెప్పలేకపోయాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె ఇంటికి వెళ్లాను. బారిడీహ్‌లో రెండు గదుల అద్దె వాటా. నేలంతా తుడిచి, సామాన్లన్నీ సర్ది ఉన్నాయి గానీ ఇంట్లో వంట వాసన లేదు. స్టవ్వు మీద పాత పేపరు పరిచి ఉంది. గట్టు మీద పక్క వాటా ఒడియా ఆవిడ పంపిన క్యారేజీ.

"ఏటక్కా, ఇలగొచ్చావు?" అంది.

"నీ సున్నం సంగతి మాటాడదామని వచ్చేను."

"కోప్పడ్డానికా?"

"కోప్పడ్డం అక్కడే అయిపోయింది. అడగడానికి వచ్చేను."

ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "పండక్కి సమాదులకి సున్నం ఏత్తాం కదక్కా. ఆయన సమాదిలో పెట్టె ఉంది. పెట్టెలో ఏటుందో నాను సూడనేదు. ఆయన ఊపిరి ఆగింది మట్టుకు అక్కడే. అందుకే అక్కడే ఏసినాను."

సమాధుల పండగకు ముందు సున్నం వేయడం, పూలు పెట్టడం, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించడం మా వాళ్లు కోస్తా నుంచి తెచ్చుకున్న ఆనవాయితీ. ఎవరు మానినా మా సంఘం ఆడవాళ్లు మానరు. ఈమె చేసిన తప్పల్లా ఆ సున్నం శ్మశానంలో కాకుండా, నేను చూడాల్సిన గోడకు వేయడమే.

"మరి కొవ్వొత్తులు ఎందుకు వెలిగించలేదే?"

"ఎలిగించనేనక్కా. పుల్ల గీత్తే సాలు, ఆయన అరుపు ఇనబడినట్టుంటాది. స్టవ్వు కూడా ముట్టించనేదు, ఆయన పోయిన కాడ్నుంచి."

"కాలలేదని అందరూ చెప్పారు కదా నీకు. పొగకే పోయాడని డాక్టరు కూడా అన్నాడు."

ఆమె తలెత్తి నా కళ్లలోకి సూటిగా చూసింది. "కాలకపోతే పెట్టెందుకు మూసీసినారు? నాను ఏడుత్తానని అందరూ మంచి మాటలే సెప్తన్నారక్కా. పాస్టరు గారు మంచోరు, ఆరూ అలగే సెప్పినారు. నాకు మంచి మాటలొద్దు. నా పెళ్లినాడు సీర రంగు బాగోనేదని సెప్పినదానివి నువ్వొక్కదానివే. నువ్వు గోడని సూసి మంట ఎంతో సెప్తావంట కదా. ఆ సున్నం గీకీసుకో, అడ్డు సెప్పను. గానీ నానూ వత్తాను. అక్కడ ఏటి కనిపిత్తే అదే సెప్పాల. దాసకూడదు."

సరేనన్నాను. ఇంకేమనను?

అప్పట్నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఒక పక్క సొరంగం మూసేశారని జనం నన్ను తిట్టిపోస్తున్నారు. అవతలి బస్తీ వాళ్లు సాక్చి బజారుకు రావాలన్నా, షిఫ్టుకు వెళ్లాలన్నా పిల్లాజెల్లాతో పట్టాలు దాటుతున్నారు. ఎప్పుడు ఏ గూడ్సు వచ్చి మీద పడుతుందోనని నాకూ గుండె దడే. కానీ కాలిన పైకప్పు కింద నుంచి బస్సు పంపి, అది కాస్తా పెచ్చులూడి పడితే? ఆ దడకు నేను అలవాటు పడ్డాను. అది ఉద్యోగం. ఈమె అడిగింది వేరు. గోడ గులాబీ రంగులో ఉంటే ఏం చెప్పాలి? అప్పుడు ఈ పాడు నోరు అబద్ధం ఆడగలదా?

ఆమె చెప్పిన వేళకు బకెట్టు, కొబ్బరిపీచు, ఒక గరిటె తెచ్చుకుని వచ్చింది. ముందు నా పని కానివ్వమన్నాను. తల మీద హెల్మెట్టు పెట్టి, దూరంగా మూతి దగ్గర కూర్చోబెట్టాను.

లారీ ఆగిన చోట పైకప్పు బాగా దెబ్బతింది. కాంక్రీటులో ఎక్కడో దాగి ఉన్న తడి ఆవిరై, బయటికి దారి లేక, పెచ్చులు పెచ్చులుగా పేల్చేసింది. లోపలి ఇనుప చువ్వలు బయటపడి కిందికి వంగాయి. సుత్తితో తడితే డొల్ల మోత. డ్రిల్లు వేసే మేస్త్రీ నిచ్చెన బల్ల మీద నిలబడి తీసిన ముక్కలో వేలి పొడవున గులాబీ రంగు. ఇక దాని గురించి ఆలోచించడానికి ఏమీ లేదు. అంత మేరా కోసేసి, కొత్తగా పోయాల్సిందే. పైన రంగు పూసి బస్సులు వదిలేద్దామని ఎవరైనా అంటే నా సంతకం ఉండదు.

అక్కడ్నుంచి మూతి వైపు వచ్చేకొద్దీ గోడ బాగుంది. సొరంగంలో మంట పైకప్పును పట్టుకుని పాకుతుంది. పొగ కూడా ముందు పైనే ఉంటుంది, దూరం వెళ్లేకొద్దీ చల్లారి కిందికి దిగుతుంది. మంటకు దూరంగా, బయటి వెలుతురు కనబడే చోట మనుషులు పడిపోవడం అందుకే. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసిన సంగతి వేరు, చూపించమంటే చూపించగలగడం వేరు.

సున్నం దగ్గరికి వచ్చాం. నేను గీకబోతే ఆమె గరిటె లాక్కుంది. "నానే ఏసినాను, నానే తీత్తాను." నీళ్లు చల్లి, పీచుతో రుద్ది, సిలువను మాత్రం ఆఖరికి ఉంచి, అంతా తీసింది. సున్నం కింద మసి, మసి కింద గోడ. అంతా బూడిద రంగే. సుత్తితో తట్టాను. గట్టిగా, ఖణేల్‌మని మోగింది.

"ఇది మామూలు రంగేనా అక్కా?"

"మామూలు రంగే."

"అయితే ఆయన కాలనేదా?"

లేదు అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె చూపు నా నోటి మీదే ఉంది. దాచకూడదని చెప్పి మరీ తీసుకొచ్చింది నన్ను.

"గోడకి రెండు వందల డిగ్రీలు తగిలినా ఇలాగే ఉంటుందే. మనిషి ఉండలేడు. గోడ బాగుందంటే గోడ బాగుందనే. అంతకు మించి ఇది చెప్పదు."

ఆమె కూలబడిపోయింది. మేస్త్రీకి తెలుగు రాకపోయినా ఏదో అర్థమైంది. నన్ను చూసిన చూపుకు నాకే సిగ్గేసింది. ఏం మనిషినిరా నేను! ఒక్క మాట, ఆడదాని కడుపు చల్లబడే ఒక్క మాట అనలేకపోయానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ మోకాళ్ల మీద కూర్చుని గోడ అడుగు చూడడం మొదలెట్టాను.

నడకదారి గట్టుకూ గోడకూ మధ్య జానెడు సందు ఉంది. సున్నం కారి, ఆ సందులో గడ్డకట్టింది. ఆ గడ్డ కింద ఏదో గుండ్రంగా ఉబ్బెత్తుగా కనిపించింది. గరిటె అంచుతో మెల్లగా లేపాను. పల్చటి ప్లాస్టిక్ టీ గ్లాసు. రోడ్డు పక్క బండి మీద వాడేసి, జనం చేతికొచ్చిన చోట పారేసే రకం. సొరంగాల్లో, కాలవల్లో ఇవి కనబడితే నేను పారేసిన వాళ్ల ఏడు తరాలనూ తలుచుకుంటాను. ఆ రోజు మాత్రం దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను.

గ్లాసు మీద నల్లగా మసి, మసి మీద సున్నం చుక్కలు. అంటే మంట లేచేటప్పటికే అది అక్కడ ఉంది. మసి వచ్చి దాని మీద వాలింది. ఆ తర్వాతే ఈమె సున్నం పడింది. గ్లాసు మూతి గుండ్రంగా ఉంది. దాని గీతలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఎక్కడా ముడుచుకోలేదు, వంగలేదు. మిగతా సొరంగంలో ఇలాంటివి ఎన్ని ఉండేవో, నీళ్ల పైపులకు అన్నీ కొట్టుకుపోయాయి. ఇక్కడ సున్నం ఉంది కాబట్టి నీళ్లు కొట్టలేదు. నేను నోటికొచ్చినట్టు తిట్టిన సున్నం, ఈ ఒక్కదాన్నీ కప్పి నాకోసం దాచి ఉంచింది. 

"అతని తల ఎక్కడుందని చెప్పారే నీకు?"

ఆమె గట్టు మీద చెయ్యి వేసి చూపించింది. గ్లాసు దొరికిన చోటు దాని పక్కనే.

"ఇదిగో, విను. ఈ గ్లాసు వేడివేడి టీకే మెత్తబడిపోతుంది. ఇది వంగలేదంటే, ఈ నేల దగ్గర ఆ రోజు మరిగే నీళ్లంత వేడి కూడా లేదు. మంట ఇక్కడికి రాలేదు. ఇది నేను నీకోసం చెప్తున్న మంచి మాట కాదు, పని మీద చెప్తున్న మాట. ఇంకొకటి కూడా వినాలి. పొగకు పోవడం సుఖమైన చావు కాదు. అది కూడా కష్టమే."

"అది నాకు తెలుసక్కా," అంది. "గానీ మంట కాదు కదా." గ్లాసు నా చేతిలోంచి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. తర్వాత, "నీ మాట మీదొద్దు. నాకు సూపించు," అంది.

ఆమె ఇంటికి వెళ్లే దారిలో టీ బండి దగ్గర అలాంటిదే కొత్త గ్లాసు ఒకటి అడిగి తీసుకున్నాను. సున్నం గీకేసినందుకు ఆమె ఏమైనా అనుకుంటుందేమోనని ఆటోలో చెప్పాను, ఆ గోడ దిట్టంగా ఉందనీ, పైకప్పు పని అయ్యాక కూడా అలాగే ఉంటుందనీ, మళ్లీ సున్నం వేసుకోవచ్చనీ. తల ఊపింది. గ్లాసున్న సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఇంటికి వచ్చాక గానీ నా తెలివితక్కువతనం నాకు తెలిసి రాలేదు. చూపించాలంటే వేడి నీళ్లు కావాలి. నీళ్లు కాగాలంటే స్టవ్వు వెలగాలి.

"పక్కింట్లో అడిగి తెస్తానుండు," అని లేచాను.

"వద్దు."

స్టవ్వు మీద పేపరు తీసి మడత పెట్టింది. గిన్నెలో నీళ్లు పోసి పెట్టింది. అగ్గిపెట్టె తీసుకుంది. మొదటి పుల్ల విరిగిపోయింది.  "నేను వెలిగించనా అమ్మా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. ప్రభువా, ప్రభువా అనుకుంటూ ఇంకో పుల్ల గీసింది. అంటుకుంది. కళ్లు గట్టిగా మూసుకుని పుల్లను బర్నరు దగ్గర పెట్టి, రెండడుగులు వెనక్కి వచ్చి గోడకు ఆనుకుంది. కాసేపటికి కళ్లు తెరిచింది. అప్పటికి నీళ్లు సన్నగా మోత మొదలెట్టాయి.

మరిగాక ఆమే గుడ్డతో గిన్నె పట్టుకుని, కొత్త గ్లాసులో పోసింది. మేం చూస్తుండగానే గ్లాసు మూతి వంకరపోయింది, ఒళ్లంతా మెత్తబడి పక్కకు వాలిపోయింది. నీళ్లు గట్టు మీద ఒలికాయి. ఆమె సంచిలోంచి మసి పట్టిన గ్లాసు తీసి దాని పక్కన నిటారుగా నిలబెట్టింది. అది నిలబడింది. ఆమె రెంటినీ మార్చి మార్చి చూసి, "కాలనేదు," అంది. ఎవరో కొత్తగా చెప్పినట్టు మళ్లీ, "కాలనేదక్కా ఆయన," అంది. అప్పుడు వచ్చింది ఏడుపు. పెట్టె మీద పడి ఏడ్చినప్పటి ఏడుపు కాదు. నేనూ ఏడ్చాను, దాచుకునేదేముంది.

కాసేపటికి మొహం తుడుచుకుని స్టవ్వు వైపు చూసింది. అది ఇంకా వెలుగుతూనే ఉంది.

"నీళ్లు మిగిలినాయక్కా. టీ పొడి ఏసీమంటావా?"

"వేసేయ్."

స్టీలు గ్లాసుల్లో పోసి ఇచ్చింది. పంచదార బాగా ఎక్కువైంది. ఆ మాట అనకుండా మొత్తం తాగాను.